ఓబులేష్ పికప్పుకు మూడో క్లచ్

ఏడాది తిరక్కుండానే పికప్పుకు మూడో క్లచ్ కాలిపోయిందంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఓబులేష్‌కు ఇంకొంచెం ఎక్కువే మండింది. ఆత్మకూరు చుట్టుపక్కల స్లాబు పనులకు తిరిగే డ్రైవర్లందరిలో తనంత ఒడుపుగా బండి తోలేవాడు లేడని ఆయన నమ్మకం. పోనీ ఆ నమ్మకాన్ని మనసులో దాచుకుంటాడా అంటే, అదీ లేదు. టీ బంకు దగ్గర నలుగురు కనబడితే చాలు, ఇరుకు సందులో మిల్లర్ను వెనక్కి ఎట్లా పెట్టాలో చేతులు తిప్పుతూ చెప్పందే ఆయనకు టీ గొంతు దిగదు.

మిల్లర్ అంటే కాంక్రీటు కలిపే యంత్రం. దాన్ని పికప్పు వెనక కొక్కేనికి తగిలించుకుని, బాడీలో కూలీలను, తట్టలను, పారలను ఎక్కించుకుని ఊరూరా తిరగడమే ఆయన బతుకు. ఆ కూలీల గుంపుకు పెద్ద ఆయన పెండ్లాం మద్దమ్మ. ఇసుక ఎవరు ఎత్తాలి, తట్ట ఎవరు అందుకోవాలి అన్నది ఆమె చెప్పాలి. బండి మాట మాత్రం ఓబులేష్‌ది. ఆ బండి ఆగితే గుంపు మొత్తానికీ పని ఆగిపోతుంది.

ఆ రోజు అదే జరిగింది. స్లాబు పోసి తిరిగొస్తుంటే ఊరి బయట మిట్ట ఎక్కేచోట ఇంజను గోల పెడుతోంది గానీ బండి ముందుకు కదలడం లేదు. కాలిన వాసన గుప్పుమంది. వెనక నుంచి ఆడవాళ్ళు "ఏం కాల్తాండాది?" అని కేకలు పెట్టారు. చివరికి ఎవరిదో ట్రాక్టరు వచ్చి, తాడు కట్టి, పికప్పునూ దాని వెనక మిల్లర్నూ నడిబజారులో ఈడ్చుకుంటూ మన్సూర్ షెడ్డుకు చేర్చింది. లాగడమే గానీ లాగించుకోవడం ఎరగని ఓబులేష్ ఆ దారి పొడుగునా తల వంచుకునే కూర్చున్నాడు.

మన్సూర్ ఓబులేష్ ఊరివాడే. మెకానిక్కు షెడ్డు ఆత్మకూరులో పెట్టుకున్నాడు గానీ పీర్ల పండగ వస్తే ఊరికి రాకుండా ఉండడు. మరునాడు గేరుబాక్సు దించి, పాత క్లచ్‌ను గోనెసంచి మీద పరిచి, ఓబులేష్‌ను పిలిచాడు. మద్దమ్మ కూడా వచ్చి ఒక పాత టైరు మీద కూర్చుంది.

"ఓబులేషన్నా, ఇట్ల రా. ఇది చూడు" అన్నాడు మన్సూర్. ప్లేటు మీది లైనింగు అరిగి రేకు బయటపడింది. దాన్ని నొక్కిపట్టే ప్రెజర్ ప్లేటుకు నడుమ ఉండే స్ప్రింగు వేళ్ళ కొసలు అద్దంలా మెరుస్తున్నాయి. "ఇది బరువుకు పోయిన క్లచ్ గాదన్నా. కాలికి పోయింది. పెడల్ మీద కాలు పెట్టుకోనే తోల్తాండావు నువ్వు. పట్టీ పట్టకుండా రాసుకోని రాసుకోని కాలిపోయింది."

ఓబులేష్ ముఖం కందగడ్డ అయింది.

"ఏందిరా నువ్వు నాకు చెప్పేది? నువ్వు లాగు తొడగకముందు నుంచి తోల్తాండా నేను. క్లచ్ మీద కాలు పెట్టుకోని తోలేది కొత్తగా నేర్చుకునేటోళ్ళు. గేరు పడినాక నా కాలు పక్కన పెడతా. నా కాలు యాడుండాదో నాకు తెలీదా?"

"తెలీదనలేదన్నా. ఇనుము చెప్పింది చెప్తాండా."

"నీ ఇనుముకేం తెలుసు? మామూలు క్లచ్ వేసి మిల్లర్ను లాగమంటే ఎట్ల లాగుతాది? నువ్వు వేసిందే నాసి సరుకు."

ఇట్లా వదిలేస్తే ఇద్దరూ పొద్దుగూకేదాకా కొట్లాడేటట్టున్నారని మద్దమ్మ మధ్యలో దూరింది. "ఏది వేస్తే మళ్ళా కాలదో అది చెప్పు మన్సూరూ. ఊరికే నిలబడితే నా గుంపోళ్ళు ఇంకో మిల్లర్ ఎనకాల పోతారు."

ఓబులేష్ అప్పటికే నిర్ణయించుకుని వచ్చాడు. వేంపల్లెలో ఆయన సడ్డకుడు వీరభద్ర తన బండికి బిళ్ళల ప్లేటు వేయించాడు. ప్లేటు చుట్టూ గట్టి బిళ్ళలు అతికించి ఉంటాయి. పట్టుకుందంటే ఉడుంపట్టే. తనకూ అదే కావాలన్నాడు.

మన్సూర్ తల అడ్డంగా ఊపాడు. "పట్టు ఉంటాది, లేదనను. కానీ మెత్తగా పట్టదు, ఎగిరెగిరి పడతాది. మీ సడ్డకుడు రోడ్డు మీద తోలేటోడు. నువ్వు సందుల్లో జానెడు జానెడు ఎనక్కి పెట్టేటోనివి. బండి అట్ల ఎగిరితే ఎనక ఉండే ఆడోళ్ళ నడుములు విరుగుతాయి, మిల్లర్ కొక్కెం తెగుతాది. నీకు పనికొచ్చేది ఇంకోటి ఉండాది. మామూలు లైనింగే, ప్లేటు మాత్రం పెద్దది, నడిమి స్ప్రింగులు బలమైనవి. దాని మీద గట్టి ప్రెజర్ ప్లేటు వేస్తాం. ఫ్లైవీలు లేతు కాడ చెక్కిచ్చుకొస్తా. లాగుడుకు అదే సరి. ఒకటే, పెడల్ బరువుంటాది."

"బరువుంటే ఉండనీ" అన్నాడు ఓబులేష్, ఎడమకాలు నేల మీద దబ్బున తాటించి. "ఇది అగ్గిలో నిలబడిన కాలప్పా."

ఈ మాట ఆయన ఊరికే అనలేదు. పోయిన పీర్ల పండగలో జరిగింది ఊరంతా చూసింది. గుండంలో కణకణలాడే నిప్పులు పరిచాక, హిందువులు, ముసల్మానులు అని లేకుండా మొక్కుకున్నవాళ్ళంతా పీర్ల వెంట తొక్కుతారు. ఎంత భక్తుడైనా గబగబా నాలుగు అంగలు వేసి అవతల పడతాడు. ఓబులేష్ అట్లా పడలేదు. నడిగుండంలో ఆగాడు. ఆగి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. తప్పెట్లు కొట్టేవాళ్ళు కొట్టడం మరిచిపోయారు. ఆయన నింపాదిగా బయటికి వచ్చినప్పుడు ముసలమ్మలు ఆయన కాళ్ళు తాకి కళ్ళకద్దుకున్నారు. వచ్చే పండగకు పీరును మొదట ఎత్తుకునేది ఓబులేషేనని చావిడి పెద్దలు అప్పటికప్పుడే అనేశారు.

ఆయన వెనకాలే, ఆయన తువ్వాలు కొస పట్టుకుని మద్దమ్మ కూడా తొక్కింది. కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళవెంట ధారలు కారుతుండగా బయటికొచ్చింది. మొగుని మహిమ చూసి పరవశించిపోయిందని అందరూ అనుకున్నారు. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

సరే, మన్సూర్ చెప్పిన క్లచ్చే బిగించారు. కొత్త ప్లేటు కుదురుకునేదాకా కొన్నాళ్ళు ఉత్త బండే తోలాలని, మిల్లర్ను తగిలించొద్దని మన్సూర్ మొత్తుకున్నాడు. ఓబులేష్ వినే ఘటమా! ఏ మిట్ట దగ్గర పరువు పోయిందో ఆ మిట్టనే ఎక్కించి చూడాలన్నాడు. చివరికి ఒక్కసారికి ఒప్పందం కుదిరింది. మన్సూర్ మధ్యలో, మద్దమ్మ కిటికీ పక్కన కూర్చున్నారు. వెనక మిల్లర్ గడగడమంటూ బయల్దేరింది.

మిట్ట మొదట్లో బండి ఒక్క ఊపున అందుకుంది. ఓబులేష్ ముఖం వెలిగిపోయింది. "చూసినావా! ఇదీ క్లచ్ అంటే. నా కాలు గీలు అని ఏందేందో చెప్తివే?"

మన్సూర్ ముక్కు ఎగబీల్చాడు. సగం మిట్ట ఎక్కేసరికి అదే వాసన, కొత్త ప్లేటు కాలుతున్న వాసన.

"అన్నా, కాలు తియ్యి."

"యా కాలు?"

"క్లచ్ మీద కాలు. తియ్యన్నా."

"తీసినాను గదప్పా."

"తీయలేదన్నా."

"తీసినా అంటాంటే నీగ్గాదూ!" ఓబులేష్ గొంతు పెంచాడు. ఆయన అబద్ధం ఆడటం లేదు. గేరు వేశాడు, కాలు తీసి పక్కన పెట్టాడు. ఆయనకు తెలిసినంతలో అది పక్కనే ఉంది.

మన్సూర్ వంగి స్టీరింగు కిందికి చూశాడు. లేచి, హ్యాండు బ్రేకు లాగి, తాళం తిప్పి ఇంజను ఆపేశాడు. 

"అన్నా," అన్నాడు మెల్లగా, "కిందికి చూడు."

ఓబులేష్ చూశాడు. క్లచ్ పెడల్ మీద ఒక కాలుంది. దాని కింద పెడల్ సగానికి దిగి ఉంది. ఆ కాలికి తన చెప్పే ఉంది. తన ప్యాంటే ఉంది. కానీ అది అక్కడ ఉన్నట్టు ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ కాలూ చెప్పలేదు. ఎవరో వచ్చి కూర్చుని, ఒక కాలు మరిచిపోయి వెళ్ళినట్టుంది. ఎత్తమని అనుకున్నాడు. తొడ కదిలింది, కాలు లేచింది. లేచినట్టు కంటికి కనబడింది. అంతే.  

"ఏమయింది? ఎందుకాపినారు?" అంటూ మద్దమ్మ దిగి ఇటు చుట్టూ తిరిగి వచ్చింది. డోరు తీసి, మొగుని ముఖం చూసి, ఏదో పురుగు కరిచిందనుకుంది. కాలు బయటికి లాగి చెప్పు తీయబోయింది. చెప్పు రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగితే చెప్పుతో పాటు కాలూ వచ్చింది.

చెప్పు అడుగున మేకు తల ఒకటి మెరుస్తోంది. స్లాబు కింద చెక్కలు కొట్టే మేకు. పొద్దున సైటు చూసి రావడానికి పోయినప్పుడు దిగి ఉంటుంది. అది చెప్పునూ పాదాన్నీ కలిపి కుట్టేసింది. దాంతోనే ఓబులేష్ పొద్దున్నుంచి తిరిగాడు. దాంతోనే టీ బంకు దగ్గర నిలబడి రెండు టీలు తాగి, చేతులు తిప్పుతూ మాట్లాడి వచ్చాడు.

"కదలొద్దన్నా" అని మన్సూర్ పట్టకారు తెచ్చాడు.  గట్టిగా పళ్ళు బిగించి లాగాడు. మేకు బయటికి వచ్చింది, వెంట నెత్తురు వచ్చింది. అమ్మా అన్నది మద్దమ్మ. అబ్బా అన్నది మన్సూర్. ఓబులేష్ మాత్రం చప్పుడు చేయకుండా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

చెప్పు ఊడాక వాసన వచ్చింది. బొటనవేలి కింద, ఎండిన సిమెంటు పొర చాటున, నల్లగా పాత పుండు. మద్దమ్మ దాన్ని చూడలేదని కాదు. స్లాబు పని చేసేవాళ్ళ అరికాళ్ళను సిమెంటు తింటుంది. అందరి కాళ్ళూ పగిలే ఉంటాయి, అందరికీ తోలు ఊడుతుంది. పండగ అయిన నాలుగు రోజులకు ఆయన అరికాలి తోలు పొరలు పొరలుగా లేచినప్పుడు కూడా సిమెంటే అనుకుని వేపనూనె రాసింది. నొప్పి అని ఆయన ఒక్కనాడూ అనలేదు. అననివాణ్ణి ఎవరు అడుగుతారు?

"కళ్ళు మూసుకో" అంది మద్దమ్మ ఉన్నట్టుండి.

"ఎందుకే?"

"మూసుకోమంటాంటే!"

ఆయన మూసుకున్నాడు. ఆమె కుడికాలి చెప్పు తీసింది. గోటితో అరికాలిని గీరింది. పుల్ల తీసుకుని పొడిచింది.

"ఏం చేస్తాండావు? కళ్ళు మూసుకోమంటివి, ఏదో చెయ్యి మరి" అన్నాడు ఓబులేష్ కళ్ళు మూసుకునే.

మద్దమ్మ చేతిలో పుల్ల విరిగింది. అది కుడికాలు. బ్రేకు కాలు. మొన్న ఇదే మిట్ట అవతలి పల్లంలో, వెనక మిల్లర్, బాడీలో గుంపు గుంపంతా పాటలు పాడుకుంటూ కూర్చుని ఉంటే, వాళ్ళందరి ప్రాణాలు ఈ కాలి కింద పెట్టుకుని దిగారు.  ఓబులేష్ కళ్ళు తెరిచి, విరిగిన పుల్లను, ఆమె ముఖాన్ని చూశాడు. అప్పుడు అర్థమైంది ఆయనకు. డోరు పట్టుకున్నాడు.

ఆయన నోట్లోంచి ఒకటే మాట వచ్చింది. "మన్సూరూ... గుండంలో గూడా నాకేం తెలీలేదప్పా. పీర్లస్వామి మహిమ గాదా మరి అది?"

 "స్వామినెందుకంటావులేన్నా" అన్నాడు మన్సూర్. "స్వామి తొక్కమన్నాడు గానీ నిలబడమనలేదు గదా. మాకందరికీ చురుక్కుమంటాది. అందుకే ఉరుకుతాం."

మిల్లర్ను అక్కడే విప్పేసి, మన్సూరే బండి తోలుకుంటూ కర్నూలు పెద్దాసుపత్రికి బయల్దేరాడు. సొంత పికప్పులో స్టీరింగు వదిలి అవతలి కిటికీ పక్కన కూర్చోవడం ఓబులేష్‌కు అదే మొదటిసారి. ఎడమకాలు మద్దమ్మ ఒళ్ళో, ఆమె కొంగులో చుట్టి ఉంది. మన్సూర్ గేరు మార్చినప్పుడల్లా బండి మెత్తగా, జారకుండా అందుకుంటోంది. "మంచి క్లచ్చే" అన్నాడు ఓబులేష్. 

చాలా దూరం పోయాక మద్దమ్మ నోరు విప్పింది.

"నాకు కాలింది."

"ఏంది?"

"గుండంలో. నువ్వు నడుమ నిలబడితివి గదా. నీ ఎనకాల నేనూ నిలబడితి. తువ్వాలు వదిల్తే నీకేమన్నా అయితాదని వదల్లేదు. రెండు కాళ్ళకూ బొబ్బలు లేసినాయి. పనిలోకి గుడ్డలు చుట్టుకోని వస్తి."

"చెప్పలేదేమే?"

"ఏమని చెప్పాల? ఊరంతా నీ కాళ్ళకు మొక్కుతాండారు. మొగునికి కాలల్యా, పెండ్లానికి కాలిందంటే ఏమనుకుంటారు? నాదే పాపిష్టి కాలనుకొంటి. నా భక్తి చాలలేదనుకొంటి. కేక రాకుండా కొంగు కుక్కుకుంటి." ఆమె ఆయన కాలికి చుట్టిన కొంగును సర్దింది. "ఆ పొద్దు నేను కేకేసింటే, ఇంత అగ్గిలో నీకెందుకు కాలలేదని ఎవరన్నా ఒకరు అడిగేటోళ్ళు గదయ్యా."

ఓబులేష్ వంగి ఆమె అరికాలు చేతిలోకి తీసుకున్నాడు. మడమ పక్కన గరుకుగా, మాడిన రొట్టె ముక్కంత మచ్చ ఆయన వేళ్ళకు తగిలింది. పక్కన పడుకున్న మనిషి కాలిలో ఇంత మచ్చ ఉందని ఇన్నాళ్ళూ చూడనందుకు ఆయనకు సిగ్గేసింది. ఏడుపు వచ్చింది. మన్సూర్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

ఆసుపత్రిలో మహిమ అనే డాక్టరమ్మ చూసింది. నెత్తురు పరీక్ష చేయించింది. షుగరు అంది. ఎన్నేళ్ళుగానో ఉండి ఉంటుందంది. దప్పిక ఎక్కువగా అయ్యేదా అని అడిగితే, మా ఎండలకు దప్పిక గాక ఇంకేమయితాదమ్మా అన్నాడు ఓబులేష్. కాళ్ళ నరాలకు స్పర్శ తెలియడం లేదని, ఇక బండి తోలే మాట ఎత్తొద్దని ఆమె నిక్కచ్చిగా చెప్పింది. మద్దమ్మ చేయి చాపింది. ఎందుకని అడక్కుండానే ఓబులేష్, మన్సూర్ దగ్గరున్నది గాక బండి రెండో తాళంచెవిని జేబులోంచి తీసి ఆ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని నడుముకు దోపుకుంది.

"అసలు సంగతి ఇది కాదు" అంది డాక్టరమ్మ. "పుండులో చచ్చిన కండ ఉంది. కోసి తీసెయ్యాలి. ఎందాకా చచ్చిందో కోస్తే గానీ తెలీదు. బతికున్న కండ దొరికిన చోట ఆపేస్తాను. దొరక్కపోతే..." అని చేత్తో ఆయన చీలమండను తాకింది. తర్వాత ఆ చేతిని మోకాలి కిందిదాకా జరిపింది. "ముందు మత్తు లేకుండానే మొదలుపెడతాను. నొప్పి తెలిస్తే చెప్పండి. వెంటనే ఆపి మత్తిస్తాను."

"తెలుస్తాదా అమ్మా?" అని అడిగాడు ఓబులేష్. ఆశగా అడిగాడు.

"చూద్దాం" అందామె.

మద్దమ్మను తెర ఇవతల నిలబెట్టారు. కత్తెర కిటకిటమంటోంది. ఇనుప గిన్నెలో ఏదో పడిన చప్పుడు. డాక్టరమ్మ "ఇప్పుడు?" అంటుంది. ఓబులేష్ "ఊహూ" అంటాడు. మళ్ళీ కత్తెర. మళ్ళీ గిన్నె. "ఇప్పుడు?" "లేదమ్మా." మద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, తెర గుడ్డను పిడికిట్లో బిగించింది. ఆ "ఊహూ" విన్న ప్రతిసారీ, డాక్టరమ్మ చేయి చీలమండ నుంచి మోకాలి వైపు జరగడమే కళ్ళముందు కనబడింది. స్వామీ, కాల్చు, ఆయన్ను గూడా కాల్చు అని మొక్కుకుంది. మొగునికి నొప్పి రావాలని మొక్కుకునే ఆడది ఎక్కడైనా ఉంటుందా? ఆ రోజు కర్నూలులో ఉండింది.

"ఇప్పుడు?"

కత్తెర ఒక్కసారి కిటుక్కుమంది.

ఆ తర్వాత వార్డు వార్డంతా అదిరిపోయేటట్టు ఒక కేక వచ్చింది. "అమ్మా! అమ్మో, సచ్చినానే మద్దీ!"

అవతలి మంచాల మీది రోగులు లేచి కూర్చున్నారు. గుమ్మం దగ్గర నిలబడిన మన్సూర్ పరుగున వచ్చాడు. "ఇంతే, ఇక్కడ ఆపేస్తున్నా, బతికే ఉంది" అంటోంది డాక్టరమ్మ. మద్దమ్మ తెర తోసుకుని లోపలికి పోయింది. నోట్లో కుక్కుకున్న కొంగును లాగిపారేసింది. ఓబులేష్ ముఖం వంకర్లు పోతోంది, నొప్పికి ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. ఆమె ఆయన తలను గుండెకు అదుముకుని, తనూ బోరుమంది.

"కేకెయ్యయ్యా," అంది, "ఇంగా గట్టిగా కేకెయ్యి."